రాన్సమ్‌వేర్ దాడి తర్వాత ఇంట్లోని నాస్‌ను మళ్లీ భద్రంగా నిలబెట్టుకునే విధానం

విజయవాడ, గుంటూరుల్లో నాస్, అంటే నెట్‌వర్క్‌కు కలిపి అందరి ఫైళ్లూ ఒకచోట దాచుకునే డిస్కుల పెట్టె, ఇప్పుడు పెద్ద కంపెనీల సర్వర్ గదులకే పరిమితమైన వస్తువు కాదు. పెళ్లి వీడియోలు తీసే స్టూడియో యజమాని ఇంట్లో, గవర్నర్‌పేటలో ఇంటి పైఅంతస్తులోనే ఆఫీసు నడుపుకునే ఆడిటర్ దగ్గర, గుంటూరు కొత్తపేటలో క్లినిక్ పెట్టుకున్న డాక్టరు గారింట్లో, అమెరికాలో ఉన్న పిల్లలతో ఫోటోలు పంచుకోవాలని పెట్టించుకున్న తల్లిదండ్రుల దగ్గర, రెండో నాలుగో హార్డ్‌డిస్కులు పట్టే ఈ పెట్టె రౌటర్ పక్కనే కనిపిస్తోంది. అన్నీ ఒకే చోట ఉండడమే దాని ప్రయోజనం. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ సోకిన రోజున అన్నీ ఒకేసారి చేజారడానికి కారణం కూడా అదే.

దాడి జరిగాక సహజంగా కలిగే తొందర ఏమిటంటే, పాస్‌వర్డ్ మార్చి, పాడైన ఫైళ్లు తుడిచేసి, దొరికిన బ్యాకప్‌ను ఆ పెట్టెలోకే వెంటనే ఎక్కించడం. ఈ తొందర వల్ల రెండు నష్టాలు ఉన్నాయి. దాడి ఏ దారిన వచ్చిందో చెప్పే ఆధారాలు చెరిగిపోతాయి. ఆ దారి తెరిచే ఉంటే రెండోసారి బ్యాకప్ కూడా పోతుంది. అందుచేత ఈ వ్యాసం మొత్తం రెండు విషయాల చుట్టూ తిరుగుతుంది: దాడి వచ్చిన దారిని తేల్చుకుని మూయడం, నాస్ పూర్తిగా శత్రువు చేతిలోకి వెళ్లినా చెరపడానికి వీలులేని ఒక కాపీని ఏర్పాటు చేసుకోవడం. మిగిలిన సెట్టింగులన్నీ ఈ రెండింటికి తోడ్పడేవే.

మొదటి గంటలో

ముందుగా నాస్ వెనుక ఉన్న లాన్ కేబుల్ తీసేయండి. దానికి ఎప్పుడూ తగిలించి ఉంచే యూఎస్‌బీ డిస్కు ఉంటే దాన్నీ వేరు చేయండి. ఇంట్లోని కంప్యూటర్లలో ఒకటి నెట్‌వర్క్ ద్వారా నాస్‌లోని ఫైళ్లను ఎన్‌క్రిప్ట్ చేస్తూ (తెరవడానికి వీలులేని రూపంలోకి మారుస్తూ) ఉన్నట్లయితే, కేబుల్ తీసిన క్షణంలోనే ఆ పని ఆగిపోతుంది. కేబుల్ తీసినా డిస్కుల లైట్లు అదేపనిగా మిణుకుమంటూ ఉంటే, ఎన్‌క్రిప్ట్ చేసే ప్రోగ్రామ్ నాస్ లోపలే నడుస్తోందని అనుమానించాలి. అయితే డిస్కుల పరీక్ష వంటి మామూలు పనులకూ లైట్లు వెలుగుతాయి కాబట్టి దాన్నొక్కదాన్నే రుజువుగా తీసుకోకూడదు.

ఈ రెండో పరిస్థితిలో పవర్ ఆపాలా వద్దా అన్నది నిజంగా కష్టమైన ప్రశ్న. 2021 ఏప్రిల్‌లో క్యూనాప్ అనే సంస్థ తయారుచేసిన నాస్‌ల మీద క్యూలాకర్ అనే రాన్సమ్‌వేర్ దాడి జరిగినప్పుడు, ఎన్‌క్రిప్షన్ జరుగుతున్న నాస్‌ను ఆపవద్దని, ముందు మాల్‌వేర్ రిమూవర్ (హానికర ప్రోగ్రామ్‌లను తొలగించే సాధనం) నడపమని ఆ సంస్థే సూచించింది. ఎందుకంటే ఆ దాడిలో ఫైళ్లకు వేస్తున్న పాస్‌వర్డ్ నడుస్తున్న ప్రోగ్రామ్ నుంచే దొరికే అవకాశం ఉండేది, రీస్టార్ట్ చేస్తే అది పోయేది. కాబట్టి లైనక్స్ కమాండ్లు తెలిసిన మనిషి అందుబాటులో ఉంటే, శుభ్రమైన ఒక ల్యాప్‌టాప్‌ను నేరుగా నాస్‌కు కేబుల్‌తో కలిపి, నడుస్తున్న ప్రోగ్రామ్‌ల జాబితాను, వాటి కమాండ్లను కాపీ చేసుకోవడం మంచిది. అలాంటివారు ఎవరూ లేకపోతే, గంటగంటకూ వేల ఫైళ్లు పోతూ ఉండగా చూస్తూ కూర్చోవడం కన్నా పవర్ బటన్‌ను బీప్ వినిపించే వరకు నొక్కి, పద్ధతిగా ఆపేయడమే మేలని నా అభిప్రాయం.

దీనితో పాటు చాలామందికి తట్టని పని ఒకటుంది. నాస్ నుంచి గూగుల్ డ్రైవ్‌కో వన్‌డ్రైవ్‌కో తనంతట తానే వెళ్లే సింక్, రాత్రిపూట నడిచే బ్యాకప్ పనులు, వీటన్నిటినీ వెంటనే నిలిపివేయాలి. లేకపోతే పాడైన ఫైళ్లనే కొత్త ఫైళ్లుగా భావించి అవి క్లౌడ్‌లోని మంచి కాపీల స్థానంలో పెట్టేస్తాయి. అలా ఇప్పటికే జరిగిపోయినా ఆశ వదులుకోనక్కరలేదు. గూగుల్ డ్రైవ్‌లో పాత వెర్షన్లు, తొలగించిన ఫైళ్లు సాధారణంగా 30 రోజులు ఉంటాయి, వన్‌డ్రైవ్ చందాదారులు గత 30 రోజుల్లోని ఏ సమయానికైనా తమ ఖాతాను వెనక్కి తిప్పుకోగలరు. ఆ 30 రోజుల గడువు దాడి జరిగిన రోజు నుంచే కరిగిపోతూ ఉంటుంది కాబట్టి, ఈ పనిని వారాల తరబడి వాయిదా వేయకూడదు.

ఇక డబ్బు అడుగుతూ వచ్చిన చీటీ ఉన్న తెరను ఫోన్‌తో ఫోటో తీయండి. ఆ చీటీ ఫైలును, ఎన్‌క్రిప్ట్ అయిన మూడు నాలుగు ఫైళ్లను, వాటి అసలు కాపీలు ఈమెయిల్‌లోనో ఫోన్‌లోనో దొరికితే వాటిని కూడా ఒక పెన్‌డ్రైవ్‌లో భద్రపరచండి. నాస్‌లోని సిస్టమ్ లాగ్, లాగిన్ లాగ్ (ఏం జరిగిందో, ఎవరు ప్రవేశించారో నమోదయ్యే జాబితాలు) రెండింటినీ ఎక్స్‌పోర్ట్ చేసి దాచండి. ఫ్యాక్టరీ రీసెట్ చేసిన తర్వాత ఇవేవీ మిగలవు.

దాడి ఏ దారిన వచ్చింది

ఇంటి నాస్ మీద రాన్సమ్‌వేర్ దాడులు ముఖ్యంగా రెండు దారుల్లో వస్తాయి. మొదటిది కంప్యూటర్ దారి: ఇంట్లోని ఒక విండోస్ కంప్యూటర్‌కు ఈమెయిల్ అటాచ్‌మెంట్ ద్వారానో క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్ ద్వారానో రాన్సమ్‌వేర్ సోకి, ఆ కంప్యూటర్‌లో జెడ్ డ్రైవ్ లాగా కనిపించే నాస్ ఫోల్డర్లను కూడా అది తన డిస్కుతో సమానంగా ఎన్‌క్రిప్ట్ చేస్తుంది. ఇందులో నాస్ తప్పేమీ ఉండదు. అనుమతి ఉన్న వినియోగదారుడే ఫైళ్లు మార్చుతున్నట్లు అది భావిస్తుంది. రెండోది ఇంటర్నెట్ దారి: నాస్ లాగిన్ పేజీ బయటి ప్రపంచానికి తెరిచి ఉండగా, బలహీనమైన పాస్‌వర్డ్ ద్వారానో సాఫ్ట్‌వేర్ లోపం ద్వారానో దాడి చేసినవారు నేరుగా నాస్‌లోకే ప్రవేశిస్తారు.

ఏ దారి అన్నది తేల్చడానికి మంచి ఆధారం ఆ చీటీ ఫైలుకు యజమానిగా ఏ ఖాతా పేరు నమోదై ఉందన్నది. నాస్ ఫైల్ మేనేజర్‌లో ఆ ఫైలు ప్రాపర్టీస్ తెరిచి చూడండి. స్టూడియోలో ఎడిటింగ్ చేసే కంప్యూటర్‌కు ఇచ్చిన ఖాతా పేరు కనిపిస్తే ఆ కంప్యూటరే మూలమని దాదాపు నిర్ధారణ అవుతుంది. నాస్ సొంత ఖాతాలైన రూట్ అనో అడ్మిన్ అనో వెబ్ సర్వర్ ఖాతా అనో ఉంటే దాడి నాస్ లోపలే జరిగింది. రెండో ఆధారం పాడైన ఫోల్డర్ల పరిధి: ఒక ఖాతాకు రాసే అనుమతి ఉన్న ఫోల్డర్లు మాత్రమే పాడై, మిగిలినవి చెక్కుచెదరకుండా ఉంటే కంప్యూటర్ దారి, ఏ కంప్యూటర్‌కూ కలపని ఫోల్డర్లు సైతం పాడైతే ఇంటర్నెట్ దారి. కంప్యూటర్ల డెస్క్‌టాప్ మీది ఫైళ్లు కూడా పాడయ్యాయా అన్నది మూడో ఆధారం. లాగిన్ లాగ్‌లో మీకు తెలియని విదేశీ ఐపీ అడ్రసు (ఇంటర్నెట్‌లో పరికరాన్ని గుర్తించే సంఖ్య) నుంచి విజయవంతమైన లాగిన్ కనిపిస్తే సందేహానికి తావే లేదు. కనిపించకపోయినా నిశ్చింత పడకూడదు, ఎందుకంటే సాఫ్ట్‌వేర్ లోపం ద్వారా వచ్చినవారికి లాగిన్ అవసరమే లేదు.

ఈ రెండో రకానికి చరిత్ర చాలా ఉంది. 2014 ఆగస్టులో సినోలాకర్ అనే రాన్సమ్‌వేర్ సినాలజీ సంస్థ నాస్‌లను పట్టింది. అది వాడుకున్న లోపానికి 2013 డిసెంబరులోనే సవరణ విడుదలైంది, అప్‌డేట్ చేయని పరికరాలే దానికి చిక్కాయి. 2021 నాటి క్యూలాకర్ బ్యాకప్ కోసం ఉద్దేశించిన యాప్‌లోని లోపం ద్వారానే వచ్చి, ఫైళ్లను పాస్‌వర్డ్ ఉన్న 7-జిప్ మూటలుగా మార్చి 0.01 బిట్‌కాయిన్ అడిగింది. 2022 జనవరిలో మొదలైన డెడ్‌బోల్ట్ లాగిన్ పేజీనే తొలగించి తన బెదిరింపు పేజీని పెట్టి 0.03 బిట్‌కాయిన్ అడిగింది; ఫిబ్రవరిలో అది ఆసుస్టర్ సంస్థ నాస్‌లకూ పాకింది, సెప్టెంబరులో క్యూనాప్‌కు చెందిన ఫోటో స్టేషన్ యాప్ లోపం ద్వారా మళ్లీ వచ్చింది. వీటన్నిటిలోనూ ఉమ్మడిగా ఉన్నది ఒక్కటే: ఇంటర్నెట్ నుంచి నేరుగా చేరుకోగలిగిన నాస్.

డబ్బు, ఫిర్యాదు, విడిపించే సాధనాలు

డబ్బు చెల్లించవద్దనే చెబుతాను. చెల్లించినా ఫైళ్లను విప్పే తాళంచెవి వస్తుందన్న హామీ లేదు, వచ్చిన తాళంచెవి అన్ని ఫైళ్లకూ పని చేస్తుందన్న హామీ అంతకన్నా లేదు. దానికి బదులు నోమోర్‌రాన్సమ్ వెబ్‌సైట్‌కు వెళ్లండి. నెదర్లాండ్స్ పోలీసులు, యూరోపోల్ మరి రెండు భద్రతా సంస్థలతో కలిసి 2016లో ప్రారంభించిన ఈ సేవలో, చీటీని, వ్యక్తిగత సమాచారం లేని ఒకటి రెండు ఫైళ్లను ఎక్కిస్తే అది ఏ రాన్సమ్‌వేరో, ఉచితంగా విడిపించే సాధనం ఉందో లేదో తెలుస్తుంది. ఈరోజు సాధనం లేకపోవచ్చు, రేపు రావచ్చు. డెడ్‌బోల్ట్ విషయంలో 2022 అక్టోబరులో నెదర్లాండ్స్ పోలీసులు డబ్బు చెల్లించినట్లు చూపి, ఆ లావాదేవీలు వెనక్కి తీసుకుని, 155 తాళంచెవులను రాబట్టి బాధితులకు అందజేశారు. పాడైన డిస్కులను దాచి ఉంచుకున్నవారికే ఇలాంటివి ఉపయోగపడతాయి.

క్యూలాకర్ వంటి దాడుల్లో ఇంకొక వెసులుబాటు కూడా ఉంది. అసలు ఫైలును అక్కడికక్కడే మార్చకుండా, కొత్త మూట తయారు చేసి పాతదాన్ని తొలగించే పద్ధతి వాడినప్పుడు, తొలగించిన ఫైలు డిస్కు మీద మరొకటి రాసేవరకూ మిగిలే ఉంటుంది. ఫోటోరెక్ అనే ఉచిత సాధనంతో అలాంటి వాటిలో చాలా తిరిగి రాబట్టవచ్చు. ఫైళ్ల పేర్లు, ఫోల్డర్ల అమరిక పోతాయి కానీ ఫోటోలు చేతికి వస్తాయి. ఆ డిస్కుల మీద కొత్తగా ఒక్క ఫైలు కూడా రాయకూడదని చెప్పేది అందుకే. డేటా రికవరీ దుకాణానికి ఇచ్చేటప్పుడు, ఏ పద్ధతిలో తీస్తారో రాతపూర్వకంగా అడగండి. తాము తాళం ఛేదిస్తామని చెప్పి, మీ డబ్బులో కొంత దాడి చేసినవారికే పంపి తాళంచెవి కొనే సంస్థల సంగతి విదేశాల్లో బయటపడింది.

ఫిర్యాదు విషయంలో, జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో నమోదు చేసి ఆ రసీదు సంఖ్య దగ్గర పెట్టుకోండి. డబ్బు ఇప్పటికే చెల్లించి ఉంటే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కు ఆలస్యం లేకుండా ఫోన్ చేయాలి. నాస్‌లో క్లయింట్ల లెక్కలో రోగుల వివరాలో ఉన్నవారికి మరొక బాధ్యత కూడా ఉంది: 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా విభాగం సెర్ట్-ఇన్ జారీ చేసిన ఆదేశాల ప్రకారం సంస్థలు ఇలాంటి ఘటనను గమనించిన 6 గంటల్లోగా దానికి తెలియజేయాలి. ఇంట్లోనే నడిచే చిన్న ఆఫీసుకు ఇది వర్తించదులే అని అనుకోకుండా, తెలియజేయడమే సరైన పని.

పాత డిస్కులు పక్కన పెట్టి, పెట్టెను శుభ్రం చేయడం

ఖర్చు భరించగలిగితే కొత్త డిస్కులు కొనండి. పాత డిస్కులను తీసే ముందు ఒక్కొక్క దాని మీద ఏ అరలో ఉండేదో, నాస్ మోడల్ ఏదో, తేదీ ఏదో స్టిక్కర్ మీద రాయండి. రెయిడ్‌లో (అనేక డిస్కులను ఒకటిగా కలిపే అమరికలో) ఉన్న డిస్కులను తర్వాత ఎప్పుడైనా చదవాలంటే ఈ వివరాలు పని సులువు చేస్తాయి.

తర్వాత నాస్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేసి, తయారీదారు వెబ్‌సైట్ నుంచి శుభ్రమైన కంప్యూటర్‌లో దించుకున్న తాజా ఫర్మ్‌వేర్‌ను (పరికరాన్ని నడిపే మూల సాఫ్ట్‌వేర్‌ను) చేత్తో ఎక్కించాలి. పరికరంలోనే అప్‌డేట్ బటన్ నొక్కితే సరిపోదా అన్న సందేహం రావచ్చు. క్యూస్నాచ్ అనే మాల్‌వేర్ దీనికి సమాధానం: అది సోకిన క్యూనాప్ పరికరాల్లో అప్‌డేట్ సర్వర్ల చిరునామాలనే దారి మళ్లించి కొత్త ఫర్మ్‌వేర్ రాకుండా చేసేది. 2020 జూన్ నాటికి ప్రపంచవ్యాప్తంగా సుమారు 62,000 పరికరాలకు అది సోకి ఉందని అమెరికా, బ్రిటన్ సైబర్ భద్రతా సంస్థలు ప్రకటించి, పూర్తి రీసెట్ చేయకుండా అప్‌డేట్‌ను నమ్మవద్దని చెప్పాయి. పాత సెట్టింగుల బ్యాకప్ ఫైలు ఉన్నా దాన్ని ఎక్కించవద్దు. ఖాతాలు, అనుమతులు మళ్లీ కొత్తగా రాసుకోవడం ఒక పూట పని, ఆ పూట వెచ్చించడం సమంజసమే.

దాడి కంప్యూటర్ దారిన వచ్చి ఉంటే శుభ్రం చేయవలసినది ముందు ఆ కంప్యూటరే. యాంటీవైరస్ స్కాన్‌తో సరిపెట్టకుండా దాని డిస్కును ఫార్మాట్ చేసి విండోస్‌ను మళ్లీ ఎక్కించాలి, క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్‌ను తిరిగి లోపలికి రానివ్వకూడదు. స్టూడియోల్లో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ విషయంలో ఇది చెప్పినంత తేలిక కాదని తెలుసు, అయినా రాన్సమ్‌వేర్ ఎక్కువగా వచ్చే దారుల్లో అదొకటి.

తయారీదారు అప్‌డేట్లు ఆపేసిన పాత నాస్ అయితే దాన్ని ఇంటర్నెట్‌కు ఎదురుగా మళ్లీ పెట్టకండి. 2015లో చివరి అప్‌డేట్ అందుకున్న వెస్ట్రన్ డిజిటల్ మై బుక్ లైవ్ పరికరాలను 2021 జూన్‌లో దాడి చేసినవారు దూరం నుంచే ఫ్యాక్టరీ రీసెట్ చేసి, యజమానుల ఫైళ్లను మొత్తంగా తుడిచేశారు. అలాంటి పాత పెట్టెను వారానికి ఒకసారి మాత్రమే ఆన్ చేసే బ్యాకప్ పరికరంగా, ఇంటర్నెట్ అందకుండా రౌటర్‌లో నిరోధించి వాడుకోవచ్చు.

రౌటర్ సంగతి

నాస్‌ను మళ్లీ కలిపే ముందు రౌటర్‌ను చక్కబెట్టాలి. మన ఊళ్లలో ఇంటర్నెట్ కనెక్షన్ ఇచ్చే కుర్రవాడు పెట్టి వెళ్లిన పాస్‌వర్డే ఏళ్ల తరబడి ఉండిపోతుంది. సీసీ కెమెరాలు బిగించేవారు ఫోన్‌లో చూసుకునే సౌకర్యం కోసం డీవీఆర్‌కు (కెమెరాల రికార్డింగ్ పెట్టెకు) రౌటర్‌లో పోర్టులు, అంటే బయటి నుంచి లోపలికి వచ్చే ద్వారాలు, తెరిచి వెళతారు, కొన్ని ఇళ్లలో డీవీఆర్‌ను ఏకంగా డీఎంజెడ్‌లో, అంటే బయటికి పూర్తిగా తెరిచిన స్థానంలో, పెట్టేస్తారు. కెమెరా డీవీఆర్ బయటివారి చేతికి చిక్కితే, అదే నెట్‌వర్క్‌లో ఉన్న నాస్‌కు లోపలి నుంచే దారి దొరుకుతుంది.

అందువల్ల రౌటర్ పాస్‌వర్డ్ మార్చి, ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేసి, పోర్ట్ ఫార్వార్డింగ్ పట్టికలో ఉన్న ప్రతి వరుసనూ తొలగించండి. డీఎంజెడ్, రిమోట్ మేనేజ్‌మెంట్, డబ్ల్యూపీఎస్ (బటన్ నొక్కి వైఫైకి కలిపే సౌకర్యం), యూపీఎన్‌పీ నాలుగూ ఆపేయండి. వీటిలో యూపీఎన్‌పీ ముఖ్యం. అది ఆన్‌లో ఉంటే నాస్ తనంతట తానే రౌటర్‌ను అడిగి పోర్టు తెరిపించుకోగలదు, యజమానికి ఆ సంగతే తెలియదు. కెమెరాలు, టీవీ, పనివారి ఫోన్లు అన్నీ గెస్ట్ వైఫైలోకి మార్చితే నాస్ ఉన్న నెట్‌వర్క్‌లో నమ్మకమైన కంప్యూటర్లు మాత్రమే మిగులుతాయి.

ఇక్కడ ఒక అపోహను ప్రత్యేకంగా తొలగించాలి. మన దగ్గర చాలా కంపెనీలు ఒకే పబ్లిక్ ఐపీ అడ్రసును అనేక ఇళ్లకు పంచుతాయి కాబట్టి బయటి నుంచి ఎవరూ రాలేరని అనుకుంటారు. ఆ మాట పాత అడ్రసుల పద్ధతి ఐపీవీ4 వరకు చాలామటుకు నిజమే. అయితే అదే కనెక్షన్ మీద కొత్త పద్ధతి ఐపీవీ6 ఉంటే, ఇంట్లోని ప్రతి పరికరానికీ బయటి నుంచి చేరుకోగల సొంత అడ్రసు వస్తుంది. అప్పుడు రౌటర్‌లోని ఐపీవీ6 ఫైర్‌వాల్ ఒక్కటే అడ్డు. అది ఆన్‌లో ఉందో లేదో చూసి తీరాలి. పరీక్షించడానికి ఫోన్‌లో వైఫై ఆపి, మొబైల్ డేటా మీద మీ ఇంటి పబ్లిక్ అడ్రసుకు, నాస్‌కు ఉన్న ఐపీవీ6 అడ్రసుకు, దాని లాగిన్ పోర్టుతో కలిపి ప్రయత్నించండి. సినాలజీలో ఆ పోర్టు మామూలుగా 5000 లేదా 5001, క్యూనాప్‌లో 8080 లేదా 443. పేజీ తెరుచుకుంటే పని ఇంకా పూర్తి కాలేదు. పోర్టు సంఖ్యను మార్చి ఊరుకోవడం రక్షణ కాదు. ఇంటర్నెట్ అంతా జల్లెడ పట్టే ప్రోగ్రామ్‌లకు మారిన సంఖ్య కొద్దిసేపట్లోనే దొరుకుతుంది.

దూరం నుంచి చూసుకోవలసిన అవసరం నిజంగానే ఉంటుంది, దాన్ని కాదనలేం. డల్లాస్‌లో ఉన్న అమ్మాయి ఇంట్లోని పాత ఫోటోలు చూడాలంటే వీపీఎన్ (ఇంటి నెట్‌వర్క్‌లోకి చేర్చే గుప్త మార్గం) ద్వారా చూడనివ్వండి. వైర్‌గార్డ్ మంచి సాధనం. ఐపీ అడ్రసు పంచుకునే కనెక్షన్లలో దానికి పోర్టు దొరకకపోతే టెయిల్‌స్కేల్ అదే పునాది మీద పోర్టు తెరవకుండానే పని చేస్తుంది. తయారీదారు ఇచ్చే క్విక్‌కనెక్ట్ వంటి సేవలు పోర్టులు తెరవడం కన్నా నయమే కానీ, ఆ సేవలో మీ నాస్‌కు పెట్టిన పేరు తెలిసిన ఎవరికైనా లాగిన్ పేజీ కనిపిస్తుందని మరువకూడదు. పెళ్లి ఆల్బమ్ ఒకటి క్లయింటుకు పంపడం వంటి పనులకు నాస్‌ను తెరవనక్కరలేదు, ఆ ఒక్క ఆల్బమ్‌ను క్లౌడ్‌లో పెట్టి లింకు ఇస్తే చాలు.

నాస్ లోపలి సెట్టింగులు

కొత్త పేరుతో ఒక నిర్వాహక ఖాతా సృష్టించి, అడ్మిన్ అనే పేరున్న ఖాతాను నిలిపివేయండి. పాస్‌వర్డ్ కనీసం నాలుగైదు సంబంధం లేని మాటలతో పొడుగ్గా ఉండాలి, మరెక్కడా వాడనిదై ఉండాలి. రెండంచెల ధృవీకరణ తప్పనిసరి చేయండి. దాని రికవరీ కోడ్‌లను కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి, అవి నాస్‌లోనే ఉంటే ప్రయోజనం లేదు. తప్పుడు పాస్‌వర్డ్‌తో కొన్నిసార్లు ప్రయత్నించిన ఐపీ అడ్రసును నిరోధించే ఏర్పాటు ఆన్ చేయండి కానీ దాని మీదే ఆధారపడకండి. 2021 ఆగస్టులో సినాలజీ హెచ్చరించిన దాడిలో అప్పటికే సోకిన అనేక పరికరాల నుంచి పాస్‌వర్డ్‌లు ఊహించే ప్రయత్నాలు జరిగాయి, అలా ఒక్కో అడ్రసు నుంచి ఒకటి రెండు ప్రయత్నాలే వచ్చినప్పుడు నిరోధం పని చేయదు.

నిర్వాహక ఖాతాతో రోజువారీ పని చేయకూడదు. ఇంట్లో ఒక్కొక్కరికి, ఒక్కొక్క కంప్యూటర్‌కు వేరు ఖాతా ఇచ్చి, అవసరమైన ఫోల్డర్లకే రాసే అనుమతి ఇవ్వండి. పూర్తయిన పెళ్లిళ్ల ఫోల్డర్, గడిచిన సంవత్సరాల ఆడిట్ ఫోల్డర్ వంటివి అందరికీ చదివే అనుమతికే పరిమితం చేస్తే, రేపు ఒక కంప్యూటర్‌కు రాన్సమ్‌వేర్ సోకినా వాటిని తాకలేదు. ఖర్చు లేని రక్షణల్లో ఇంతటి ఫలితమిచ్చేది మరొకటి లేదు. గెస్ట్ ఖాతాను, దూరం నుంచి నాస్‌ను చేరడానికి వాడే ఎస్‌ఎస్‌హెచ్, టెల్‌నెట్, ఎఫ్‌టీపీ సేవలను ఆపేసి, వాడని యాప్‌లన్నీ తొలగించండి. కంప్యూటర్లు నాస్ ఫోల్డర్లను తెరిచే పద్ధతి అయిన ఎస్‌ఎంబీకి కనీస వెర్షన్ 2 గానీ 3 గానీ పెట్టండి. వెర్షన్ 1 లోని లోపమే 2017 మేలో వానాక్రై రాన్సమ్‌వేర్ వ్యాప్తికి మూలం. అప్‌డేట్లు వాటంతట అవే ఎక్కేలా పెట్టి, హెచ్చరికలు ఫోన్‌కు వచ్చేలా చూసుకోండి.

స్నాప్‌షాట్లు, చెరపలేని కాపీ

డిస్కు మీద ఫైళ్లను అమర్చడానికి బీటీఆర్‌ఎఫ్‌ఎస్ గానీ జెడ్‌ఎఫ్‌ఎస్ గానీ వాడే నాస్‌లలో స్నాప్‌షాట్ అంటే ఆ క్షణంలో ఫోల్డర్ ఎలా ఉందో దాన్ని మార్చడానికి వీలులేకుండా నిలిపి ఉంచడం. పని జరిగే ఫోల్డర్లకు గంటకొకటి, మిగిలిన వాటికి రోజుకొకటి పెట్టి, రోజువారీవి కనీసం ఒక నెల నిలిచేలా చూడండి. కంప్యూటర్ దారిన వచ్చే దాడికి ఇది దాదాపు సంపూర్ణమైన విరుగుడు, ఎందుకంటే కంప్యూటర్‌లోని ఖాతాకు స్నాప్‌షాట్‌ను చెరిపే అధికారం ఉండదు. ఫైళ్లు మూకుమ్మడిగా మారితే స్నాప్‌షాట్లు ఆక్రమించే స్థలం హఠాత్తుగా పెరుగుతుంది కాబట్టి, ఖాళీ స్థలం తగ్గితే హెచ్చరిక వచ్చే ఏర్పాటు దాడిని తొందరగా పట్టిస్తుంది కూడా.

ఇంటర్నెట్ దారిన వచ్చి నిర్వాహక అధికారం సంపాదించినవారు మాత్రం స్నాప్‌షాట్లనే ముందు చెరుపుతారు. సినాలజీ 2023లో తెచ్చిన నాస్ సాఫ్ట్‌వేర్ డీఎస్‌ఎం 7.2 నుంచి, వీలున్న మోడళ్లలో నిర్ణీత గడువు వరకు నిర్వాహకుడు కూడా తొలగించలేని స్నాప్‌షాట్లు పెట్టుకోవచ్చు. ఈ సౌకర్యం ఉంటే తప్పక వాడండి. అయినా అవి ఆ డిస్కుల మీదే ఉంటాయి. రెయిడ్ ఎంత బలంగా ఉన్నా అది ఒక డిస్కు చెడిపోయినప్పుడు ఆదుకునేది మాత్రమే, బ్యాకప్ కాదు.

అందుకే వేరే చోట ఉండే కాపీ కావాలి. విజయవాడ వారికి దీన్ని వివరించి చెప్పనక్కరలేదు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్ నగర్ పరిసరాల్లో గ్రౌండ్ ఫ్లోర్లన్నీ రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. ఒకే గదిలో ఉన్న నాస్, దాని పక్కనే ఉన్న బ్యాకప్ డిస్కు రెండూ కలిసే మునుగుతాయి. గుంటూరులో అత్తగారిల్లో, అన్నయ్య ఇల్లో ఉంటే అదే సరైన చోటు.

తేలికైన పద్ధతి రెండు యూఎస్‌బీ డిస్కులతో నడుస్తుంది. ఒక ఆదివారం మొదటిదానిలోకి, మరుసటి ఆదివారం రెండోదానిలోకి కాపీ చేసి, పని కాగానే వేరు చేసి, ఒకటి ఎప్పుడూ వేరే ఇంట్లో ఉండేలా మార్చుకుంటూ పోవాలి. 4 టెరాబైట్ల డేటాకు, సెకనుకు 100 మెగాబైట్ల వేగంతో మొదటి కాపీకి దాదాపు 11 గంటలు పడుతుంది, ఆ తర్వాత మారిన ఫైళ్లు మాత్రమే వెళతాయి కాబట్టి తొందరగా అయిపోతుంది.

ఇంతకన్నా మెరుగైనది గుంటూరులో రెండో నాస్ పెట్టడం. ఇందులో చాలామంది పట్టించుకోని సూక్ష్మం ఒకటి ఉంది: విజయవాడ నాస్ తన ఫైళ్లను గుంటూరుకు పంపేలా పెట్టకండి, గుంటూరు నాసే వచ్చి తీసుకునేలా పెట్టండి. పంపే పద్ధతిలో గుంటూరు నాస్‌లో రాసే పాస్‌వర్డ్ విజయవాడ నాస్‌లో దాగి ఉంటుంది, దాన్ని ఆక్రమించినవారికి రెండూ చిక్కుతాయి. తీసుకునే పద్ధతిలో, గుంటూరు నాస్‌కు విజయవాడలో చదివే అనుమతి మాత్రమే ఉన్న ఖాతా ఒకటి ఇచ్చి, వీపీఎన్ మీద ఆర్‌సింక్ అనే కాపీ సాధనంతో రాత్రిపూట మార్పులు తెచ్చుకునేలా చేస్తే, విజయవాడ పెట్టె పూర్తిగా పోయినా గుంటూరుకు వెళ్లే తాళంచెవి అందులో ఉండదు. గుంటూరు నాస్‌లో కూడా స్నాప్‌షాట్లు ఉండాలి, లేకపోతే పాడైన ఫైళ్లనే అది నమ్మకంగా తెచ్చుకుంటుంది. రెండింటి నిర్వాహక పాస్‌వర్డ్‌లు వేరుగా ఉండాలి. మొదటి కాపీని ఇంటర్నెట్ మీద ప్రయత్నించకండి; 50 ఎంబీపీఎస్ అప్‌లోడ్ వేగంతో 4 టెరాబైట్లకు ఏడు రోజులకు పైగా పడుతుంది. రెండు పెట్టెలనూ ఒకే ఇంట్లో కేబుల్‌తో కలిపి ఆ కాపీ ముగించి, తర్వాత కారులో గుంటూరు తీసుకెళ్లడం ఉత్తమం.

ఫైళ్లను తిరిగి నింపడం

ఇవన్నీ సిద్ధమైన తర్వాతే పాత బ్యాకప్‌ను ఎక్కించాలి. బ్యాకప్ ఉన్న డిస్కును మొదట శుభ్రమైన కంప్యూటర్‌కు, వీలైతే చదవడానికి మాత్రమే వీలయ్యే విధంగా కలిపి, స్కాన్ చేయండి. ఫైళ్ల పేర్లు బాగున్నంత మాత్రాన లోపల బాగున్నట్లు కాదు; ప్రతి ఫోల్డర్ నుంచి కొన్ని ఫోటోలు, వీడియోలు, టాలీ డేటా తెరిచి చూడాలి. దాడి చేసినవారు ఎన్‌క్రిప్షన్‌కు కొన్ని రోజుల ముందే ప్రవేశించి ఉండవచ్చు కాబట్టి, లాగ్‌లో మొదటి అనుమానాస్పద గుర్తు కనిపించిన తేదీకి ముందరి బ్యాకప్‌ను ఎంచుకోండి. ప్రోగ్రామ్ ఫైళ్లు, స్క్రిప్టులు, ఇన్‌స్టాలర్లు తిరిగి తేవద్దు, డాక్యుమెంట్లు, మీడియా ఫైళ్లు మాత్రమే తెచ్చుకోండి. నాస్‌లో భద్రపరిచి ఉన్న ఈమెయిల్, క్లౌడ్ ఖాతాల పాస్‌వర్డ్‌లన్నీ మార్చి, పాత లాగిన్లను ఆయా ఖాతాల నుంచి రద్దు చేయండి.

మొదటి నెలలో వారానికి రెండుసార్లు లాగిన్ లాగ్ చూడండి, మొబైల్ డేటా మీద చేసిన పోర్టు పరీక్షను మళ్లీ చేయండి; రౌటర్‌ను ఎవరైనా రీసెట్ చేస్తే యూపీఎన్‌పీ తిరిగి ఆన్ కావచ్చు. ఆ తర్వాత మూడు నెలలకొకసారి గుంటూరు కాపీ నుంచి ఒక పూర్తి ఫోల్డర్‌ను వేరే కంప్యూటర్‌లోకి తెచ్చి తెరిచి చూడండి. అదే రోజున నోమోర్‌రాన్సమ్‌లో మీ రాన్సమ్‌వేర్ పేరును మళ్లీ వెతికి, కొత్త సాధనం వచ్చి ఉంటే పక్కన పెట్టిన పాత డిస్కుల కాపీ మీద దాన్ని ప్రయత్నించండి, అసలు డిస్కుల మీద మాత్రం కాదు.